రెండు రోజుల్లో దురద తగ్గించే ట్యూబు

సోంపేట నుంచి వెల్డర్‌గా దుబాయ్ వెళ్ళేటప్పుడు ఎండ గురించి అందరూ చెప్పారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించరని కూడా చెప్పారు. బూట్ల లోపలి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

సేఫ్టీ బూట్లు తెల్లవారుజామున వేసుకుంటే విప్పేది చీకటి పడ్డాకే. సాక్సులు పిండితే చెమట కారేది. రెండో నెలకి కాలి చిటికెన వేలి పక్క సందు నానిన అటుకులా తెల్లబడి, పొరలు లేచింది. రాత్రంతా దురద.

ఫోన్ చేస్తే నాన్న, "కాలికి ఏటైనాదిరా? జీడినూనె ఒక చుక్క ఎయ్యి" అన్నాడు. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళ చేతులు చూశాను, ఆ నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. వెయ్యలేదు. అమ్మ చెప్పినట్టు కవిటి కొబ్బరినూనెలో పసుపు కలిపి రాశాను. సందులో తడి ఆరనే లేదు. గదిలో ఒకాయనైతే బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు పెట్టి పుండ్లు చేసుకున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, మా బావ ఊరి నుంచి తెచ్చిన ట్యూబు ఒక ఎత్తు. రాసిన రెండో రోజుకే దురద మాయం. దాంతో ఆపేశాను. వారానికి మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాశాను. అలా మూడు నెలలు గడిచేసరికి పాదం అంచులకి పాకి, గజ్జల్లోకి ఎక్కింది. ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేక ఎంత నలిగిపోయానో!

సెలవుకి వచ్చినప్పుడు శ్రీకాకుళంలో చర్మం డాక్టరుగారు ఆ ట్యూబు మీది చిన్న అక్షరాలు నా చేతే చదివించారు. క్లోబెటాసోల్. అది స్టెరాయిడ్. నాకు వచ్చింది ఫంగస్ వల్ల. ఆ ట్యూబు ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది, లోపల ఫంగస్ హాయిగా పెరుగుతుంది. ఆయన క్లోట్రిమజోల్ అనే ఫంగస్ మందు ఒక్కటే ఉన్న క్రీము రాసిచ్చి, మచ్చ పోయాక కూడా రెండు వారాలు ఆపొద్దన్నారు. కాళ్ళు కడుక్కుంటే చాలదు, ప్రతి సందూ పొడిగుడ్డతో తుడవాలి. ఆ గుడ్డ వేరే ఎక్కడా వాడకూడదు. ముందు సాక్సులు తొడుక్కుని ఆ తర్వాతే లోదుస్తులు వేసుకోవాలి, లేదంటే కాలిది గజ్జలకి అంటుతుంది. రెండు జతల బూట్లు రోజు మార్చి రోజు వేసుకుంటే ఒకటి ఆరుతుంది. ఈ జాగ్రత్తల్లో ఈ ఒక్కదానికే నాకు డబ్బు ఖర్చయింది.

షుగరున్న వాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. మా గదిలో ఒక అన్నకి వేలి సందు పగిలి, చీము పట్టి, కాలు మోకాలి దాకా వాచిపోయింది. ఆసుపత్రిలో పడుకున్నన్ని రోజులూ ఇంటికి ఏం పంపాలా అనే ఆయన టెన్షన్.

మొన్న కంచిలి కుర్రాడొకడు క్యాంపులో దిగాడు. సంచిలో అదే ట్యూబు. పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పేరు వాడి చేతే చదివించాను.