జోకర్ ముక్కు జేబులోకే

నిన్న మహబూబ్‌నగర్‌లో తలసేమియా పిల్లల దగ్గరికి వెళ్లాం. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన పిల్లలు. సంచి ఖాళీ అయ్యేదాకా గంటల తరబడి మంచం మీదే ఉండాలి. ఆ టైమ్ గడిపించడమే మా పని.

జోకర్ ముక్కు పెట్టుకోగానే ఓ చిన్నది ఏడుపు అందుకుంది. టెన్షన్‌తో తీసి జేబులో వేసుకున్నా (ముప్పై రూపాయలు దండగ).

పక్క మంచం మీద ఎనిమిదేళ్ల పిలగాడు. ఎడమ చేతికి సూది, కుడి చేత్తో పిల్లలమర్రి (ఊరి దగ్గరి పాత మర్రిచెట్టు) గీస్తున్నాడు. మానుకంటే ఊడలే ఎక్కువ. "నువ్వు గూడ ఒకటి గియ్యన్నా" అన్నాడు. గీశాను. "గట్ల కాదన్నా, భూమికి తాకాలె" అని రబ్బర్‌తో చెరిపేశాడు.

వాళ్లమ్మ మాత్రం సంచినే చూస్తోంది. నాలుగింటికి నారాయణపేట బస్సు.

బొమ్మ సగమే అయింది. వచ్చేసారి ఆకుపచ్చ రంగు తెమ్మన్నాడు.