ముసురు పట్టకముందే

అక్టోబరు రెండో ఆదివారం. చెన్నైలో వేలచేరి.

పొద్దున ఎనిమిదింటికే మేడ మీద ఎండ చురుక్కుమంది. మామూలుగా ఈ నెల మూడో వారంలో ఈశాన్య రుతుపవనం ఇక్కడ దిగుతుంది. పప్పులు ఎండేసుకోవడానికి, డబ్బాలు కడిగి ఆరబెట్టుకోవడానికి ఇక మిగిలింది ఈ వారమే. వానల సరుకు పని ఇవాళే మొదలు.

వానల సరుకంటే రెండు నెలల సామాను ఒకేసారి తెచ్చి పోసుకోవడం కాదు. ఈ ఊరిని మూడు వానాకాలాలు మూడు రకాలుగా కష్టపెట్టాయి. 2015 డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగి నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు వరద కన్నా గాలి దెబ్బ ఎక్కువ. చెట్లూ స్తంభాలూ కూలి, చుక్క నీరు నిలవని వీధుల్లో కూడా రోజుల తరబడి కరెంటు లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు ఇక్కడ కుండపోతగా కురిసింది. వేలచేరి, పళ్లికరణై వైపు నీళ్లు రోజులకు రోజులు కదల్లేదు. పాల ప్యాకెట్టు దొరకడమే కష్టమైంది. అందుకని కొనే ప్రతి వస్తువునూ మూడు మాటలు అడగాలి. కరెంటు లేకపోతే పనికొస్తావా? కుళాయి రాకపోతే నిన్ను వండగలమా? ఫ్రిజ్ ఆగిపోతే పాడవకుండా ఉంటావా? ఇడ్లీ బియ్యం, మినప్పప్పు ఎంత పోగేసినా ఆ వారంలో పనికిరావు. గ్రైండరు తిరగదు, ముందే రుబ్బి పెట్టుకున్న పిండి ఫ్రిజ్ లేకుండా రెండో రోజుకే పుల్లబడుతుంది.

లెక్క నలుగురికి, ఏడు రోజులకు. మూడు రోజులకైతే చాలదు, ఎందుకంటే వీధిలో నీళ్లు తీశాక కూడా నీళ్ల క్యాన్ల బండీ పాల బండీ గాడిన పడటానికి ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది. నెలకు సరిపడా అంటే పురుగు పాలు చేసుకోవడమే. పైగా తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు అన్నాచ్చి కిరాణా కొట్లో వెనక నిలబడ్డవాళ్లకు ఏమీ మిగలదు. అసలు ఆ రోజు వరకు ఆగకుండా ఇప్పుడే తెచ్చుకుంటే ఎవరికీ కొరత రాదు.

ముందు నీళ్లు. తాగడానికి మనిషికి మూడు లీటర్లు, వంటకు రెండు. నలుగురికి రోజుకు 20 లీటర్లు, అంటే సరిగ్గా ఒక క్యాను. ఏడు క్యాన్లు పెట్టుకునే చోటు ఫ్లాట్లో ఉండదు కాబట్టి నాలుగు క్యాన్లు, మిగతా 60 లీటర్లు మూతలున్న స్టీలు బిందెల్లో. క్యాను తీసుకునేటప్పుడు సీలు చూడాలి, వంచి చూస్తే మూత దగ్గర చెమ్మ కనపడకూడదు. ఎండ పడే బాల్కనీలోనూ, ఫినాయిలు, కిరోసిన్ సీసాల పక్కనా పెట్టకూడదు. ప్లాస్టిక్‌కు వాసన పట్టుకుంటుంది. క్యాను మూతికి బిగించే చేతి పంపు ఒకటి తప్పకుండా ఉండాలి. నిండు క్యాను ఇరవై కిలోల పైమాటే, చీకట్లో ఎత్తి వంచబోతే నడుము పట్టేస్తుంది, సగం నీళ్లు నేలపాలు. గోడకున్న ఆర్వో మిషన్ను లెక్కలోంచి తీసేయాలి. కరెంటు లేకుండా అది పని చేయదు, ఉన్నా వచ్చే నీళ్లలో చాలా భాగం వదిలేస్తుంది.

సంపు సంగతి ఇంకా ముఖ్యం. వీధి నీళ్లు సంపు మూత దాటాయంటే డ్రైనేజీ నీళ్లు కూడా అందులో కలిసినట్టే. అప్పుడు మోటారు వేస్తే ఆ మురుగు పై ట్యాంకుకూ అక్కడి నుంచి ప్రతి ఇంటి పైపుల్లోకీ ఎక్కుతుంది. సంపు ఒక్కటి కడగాల్సింది కాస్తా బిల్డింగంతా కడగాల్సి వస్తుంది. కాబట్టి హెచ్చరిక వచ్చిన రాత్రే పై ట్యాంకు నింపాలి. నీళ్లు సంపు మూత దాటితే మోటారు వేయొద్దని అట్ట ముక్క మీద రాసి స్విచ్చి దగ్గర ముందే తగిలించాలి. తాగే నీళ్ల మీద అనుమానం ఉంటే గుడ్డలో వడగట్టి, తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం మరగనివ్వాలి. గ్యాసు దాచుకోవాలనుకుంటే క్లోరిన్ మాత్రలు. ఒక మాత్ర ఎన్ని లీటర్లకో అట్ట మీద చూసుకోవాలి, రకరకాల సైజుల్లో వస్తాయి. వేశాక అరగంట ఆగాలి. బురద నీళ్లలో నేరుగా వేస్తే ఆ బురదే మందును మింగేస్తుంది, క్రిములకు మిగలదు. బ్లీచింగు పౌడరు నిరుడు మిగిలింది వాడకూడదు. గాలికీ తేమకూ దాని ఘాటు తగ్గిపోతుంది. పారేసి కొత్తది కొనాలి.

స్నానానికీ దొడ్డికీ 200 లీటర్ల నీలం డ్రమ్ము ఒకటి. వాన కురుస్తుంటే మేడ మీది గొట్టం కింద బకెట్టు పెట్టుకోవచ్చు. మొదటి పావుగంట నీళ్లు వదిలేయాలి, మేడ మీది దుమ్మూ కాకి రెట్టా అందులోనే పోతాయి. తమిళనాట 2003 నుంచి ప్రతి ఇంటికీ వాన నీటి గొట్టాలు తప్పనిసరి కాబట్టి గొట్టం వెతుక్కునే పని లేదు. గిన్నెలు తోమడానికి కూడా చాలా నీళ్లు అవుతాయి. అందుకే యాభై విస్తరాకులు సరుకు చీటీలో ఉన్నాయి.

తర్వాత గ్యాసు. సిలిండరును తడిగుడ్డతో నిలువునా తుడిస్తే ఎక్కడిదాకా గ్యాసుందో తెలుస్తుంది. ద్రవం ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది. కానీ ఏడు రోజులు వస్తుందా అన్న ప్రశ్నకు ఆ గుర్తు చాలదు. మనుషులు ఎక్కే తూకం మీద నిలబెట్టి చూడాలి. ఖాళీ సిలిండరు బరువు దాని మీదే ముద్ర వేసి ఉంటుంది, 15 కిలోలకు అటూ ఇటూగా. చూసిన తూకంలోంచి అది తీసేస్తే మిగిలిందే గ్యాసు. నిండుగా ఉంటే 14.2 కిలోలు. నలుగురి వంటకు సిలిండరు 38 రోజులు వస్తుందనుకుంటే రోజుకు సుమారు 370 గ్రాములు, వారానికి 2.6 కిలోలు. మూడు కిలోల కన్నా తక్కువ కనపడితే ఇవాళే బుక్ చేయాలి. కొత్తది రాగానే మూత తీసి లోపలి రబ్బరు వాషరు ఉందో లేదో, పగిలిందో చూసుకోవాలి. సబ్బు నీళ్లు రాస్తే బుడగ వచ్చిందంటే వెనక్కి ఇచ్చేయడమే. వానలో మళ్లీ మెకానిక్కు రాడు.

ఇక తిండి గింజలు. బియ్యం మనిషికి రోజుకు 200 గ్రాములు, వారానికి ఆరు కిలోలలోపే. సోనా మసూరి ఆరు తీసుకుంటే కొంత మిగులుతుంది. పప్పు మనిషికి 50 గ్రాములు, మొత్తం 1.4 కిలోలు. అది మొత్తం కంది తీసుకోవడం పొరపాటు. సగం కంది, సగం పెసరపప్పు. పెసరపప్పు కుక్కరు లేకున్నా పావుగంట ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది, నీళ్లూ తక్కువే పడతాయి. రాజ్మా, కాబూలీ శనగల జోలికి పోవద్దు. నానడానికి ఒకసారి, ఉడకడానికి ఒకసారి నీళ్లు, ఆపైన అరగంట మంట.

కందిపప్పు ఎన్ని విజిళ్లకూ మెత్తబడటం లేదని ఈ ఊళ్లో చాలామంది పప్పును తిడతారు. తప్పు పప్పుది కాదు, బోరు నీళ్లది. ఉప్పదనం మాట అటుంచి, ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గింజలోని జిగురును బిగదీస్తాయి. అదే పప్పు క్యాను నీళ్లలో మూడు విజిళ్లకు వెన్నలా అవుతుంది. చింతపులుసు ముందే పోసినా అంతే, పులుపుకు పప్పు బిర్రబిగుస్తుంది. ఉడికాకే పులుపు. అరగంట గోరువెచ్చటి నీళ్లలో నానేస్తే ఇంకొంత గ్యాసు మిగులుతుంది. మూడో విజిలుకు మంట ఆపేసి ఆవిరి దానంతట అది దిగేదాకా మూత ముట్టుకోకపోతే మిగతా ఉడుకు ఊరికే వస్తుంది.

నిల్వకు కందిపప్పుకు ఆముదం పట్టించడం పాత పద్ధతే, కానీ దాన్ని మించింది లేదు. కిలోకు ఒక చెంచా. రెండు చేతులతో ప్రతి గింజకూ మెరుపు వచ్చేదాకా రుద్దాలి. ఎక్కువైతే జిడ్డు వాసన వదలదు. తర్వాత ఒక పూట ఎండ. వండేటప్పుడు వేడినీళ్లతో ఒకసారి కడిగితే ఆముదం పోతుంది. బోరిక్ పౌడరు కలిపే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. అది కడుపులోకి పోవాల్సిన వస్తువు కాదు, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. బియ్యానికి ఎండు వేపాకు, నాలుగు ఎండుమిర్చి చాలు. బొంబాయి రవ్వను సన్నని సెగ మీద రంగు మారకుండా, కమ్మటి వాసన వచ్చేదాకా ఎనిమిది పది నిమిషాలు వేయించి పెట్టుకోవాలి. పచ్చిరవ్వలో ముసురు రోజుల్లో త్వరగా పురుగు పడుతుంది. ఏది ఎండబెట్టినా, ఏది వేయించినా పూర్తిగా చల్లారకుండా మూత పెట్టకూడదు. లోపలి వేడి ఆవిరై మూతకు చెమ్మగా పట్టి, ఆ చెమ్మే కిందికి జారి బూజు తెస్తుంది. డబ్బా మంచిది కాదని చాలాసార్లు అనుకుంటాం, తప్పు తొందరదే.

పొయ్యి వెలిగించకుండా తినేవి కూడా కొన్ని ఉండాలి. అటుకులు ఒక కిలో, మరమరాలు, పుట్నాలు, బెల్లం. ఇక్కడి కొట్లో పుట్నాలంటే తెలియదు, పొట్టుకడలై అని అడగాలి. వీటన్నిటికన్నా విలువైంది కందిపొడి. ఒక గ్లాసు కందిపప్పు, అర గ్లాసు శనగపప్పు, అర గ్లాసు పెసరపప్పు విడివిడిగా దోరగా వేయించాలి. పది పన్నెండు ఎండుమిర్చి, చెంచా జీలకర్ర, ఉప్పు వేసి బరకగా కొట్టుకోవాలి. వెల్లుల్లి వేస్తే రుచి, కానీ తడి. వేసినది వారం పది రోజుల్లో తినేయాలి, వేయనిది నెలకు పైగా ఉంటుంది. వానల డబ్బాలో వెల్లుల్లి లేనిదే పెట్టాలి. అన్నం ఒక్కటి వండుకుంటే పొడీ నెయ్యీ ఆవకాయా చల్లమిరపకాయా కలిసి భోజనం పూర్తయిపోతుంది. ఒకే మంట, రెండే గిన్నెలు. ఆవకాయ జాడీలో ముక్కల మీద వేలు మందాన నూనె తేలుతోందో లేదో చూసి, తక్కువైతే కాచి చల్లార్చిన నువ్వుల నూనె పోయాలి. ముక్క నూనె పైకి తేలిన చోటే బూజు మొదలవుతుంది.

పాలకు ఆవిన్ నీలం ప్యాకెట్టు మీద ఆధారపడలేం. లీటరు టెట్రా ప్యాక్‌లు మూడు, అర కిలో పాలపొడి. లీటరుకు 125 గ్రాముల చొప్పున ఆ పొడి నాలుగు లీటర్ల పాలు, మొత్తం రోజుకు ఒక లీటరు. కొనేటప్పుడు అట్ట తిప్పి చదవాలి. డెయిరీ వైట్‌నర్ అని ఉంటే అందులో చక్కెర కలిసి ఉంటుంది, కాఫీకి సరే, పెరుగు తియ్యబడుతుంది. పొడిని ముందు కొద్ది గోరువెచ్చటి నీళ్లలో ముద్దలా కలిపి ఆ తర్వాత మిగతా నీళ్లు పోస్తే ఉండ కట్టదు. తోడుకు లీటరుకు 150 గ్రాముల లెక్కన చిక్కగా కలిపితే పెరుగు గట్టిగా తోడుకుంటుంది.

కూరల్లో కంద, చామదుంప, బంగాళాదుంప, గుమ్మడి, బూడిద గుమ్మడి, క్యాబేజీ. గుమ్మడికాయ కోయనంతవరకే నిలవ. సగం ముక్క కొనుక్కుంటే మూడో రోజుకే జిగురు. ఉల్లీ ఆలూ ఒకే బుట్టలో వేయవద్దు, ఉల్లిపాయల తడికి దుంప మొలకెత్తి కుళ్లుతుంది. దుంపలు చీకట్లో ఉండాలి, వెలుతురు తగిలి పచ్చబడ్డవి తినకూడదు. పచ్చిమిర్చి తొడిమలు తీసి కాగితంలో చుడితే వారం వస్తాయి. కరివేపాకు నీడలో ఆరబెట్టి సీసాలో. టమాటా కొనేది రెండు రోజులకే, ఆ తర్వాత చింతపండు. పావు కిలో ఉంటే వారం దాటుతుంది.

వీధిలో నీళ్లు నిలిస్తే ప్రమాదం జరక్కుండా ఈబీ (విద్యుత్ బోర్డు) వాళ్లే కరెంటు ఆపేస్తారు. తీగ తెగకపోయినా రాదు. ఇన్వర్టరు బ్యాటరీ నేల మీదుంటే చెక్క స్టూలు మీదికి ఎక్కించాలి, డిస్టిల్డ్ వాటర్ గుర్తు వరకు పోయాలి. టార్చిలో సెల్లు వేసి ఉంచకూడదు, కారి లోపలి స్ప్రింగు తినేస్తాయి. ఫ్రిజ్ తలుపు తీయకపోతే చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. ఖాళీ చోట నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెడితే ఇంకొంత ఎక్కువ. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే రెండు మట్టి కుండలు ముందే తెచ్చి ఉంచుకోవాలి. పెద్దదాంట్లో తడి ఇసుక, దానిలో చిన్నది, అందులో ప్లాస్టిక్ సంచీలో చుట్టిన మందు. ఫ్రిజ్ అంత చల్లగా ఉండదు కానీ గది వేడి నుంచి కాపాడుతుంది.

మిగతావి చీటీలో నాలుగు వరసలు: బీపీ, షుగరు మాత్రలు పదిహేను రోజులకు, ఓఆర్ఎస్ పొట్లాలు పది (లీటరు నీళ్లకు సరిపోయేవి, సగం సగం కలపకూడదు), నాప్కిన్లు, దోమల చుట్టలు, అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ డబ్బాలో, చెత్తకు నల్ల సంచులు, చిల్లర నోట్లు. టవరు పోయిన రోజు అన్నాచ్చి దగ్గర ఫోను చెల్లింపు పని చేయదు.

కారు ఉన్నవాళ్లు 2024 అక్టోబరులో చేసినట్టు వేలచేరి ఫ్లైఓవరు మీద పెట్టుకుంటారేమో, అది వాళ్ల ఇష్టం. కింది అంతస్తులో ఉన్నవాళ్లు బియ్యం డబ్బాను అటక మీదికి చేర్చడం మాత్రం అంతకన్నా ముందు పని.

రాత్రి ఏడున్నర. మోటారు దగ్గర అట్ట తగిలించాను. రేపు సిలిండరు తూకం, బ్లీచింగు పౌడరు, విస్తరాకులు. ఆముదం పట్టించిన కందిపప్పు ఇంకా పళ్లెంలోనే ఉంది. గుట్టగా పోసిన చోట నడిమిలో చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతోంది. పలచగా పరిచాను. మూత పెట్టేది పొద్దునే.