మొదటి నుంచీ ఇంతే

"చివరిసారిగా మీ మనసు తేలిగ్గా ఉన్నది ఎప్పుడో గుర్తుందా?" అని నాలుగేళ్ల క్రితం ఒక మానసిక వైద్యురాలు అడిగినప్పుడు, చాలాసేపు ఆలోచించి, ఇంటర్మీడియెట్‌లో చేరకముందు అని జవాబు చెప్పాను. అప్పటికి నాకు 39 ఏళ్లు. అంతకు ముందు ఇంకొక వైద్యుడి దగ్గర చికిత్స తీసుకున్నా, ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నిజానికి నన్ను నేనూ అడగలేదు. ఇంట్లో అందరూ "నీది మొదటి నుంచీ అంతేలే, ముభావం మనిషివి" అనేవారు, నేనూ అదే నా స్వభావమని నమ్మాను. అది స్వభావం కాదు, ఏళ్ల తరబడి సాగే దిగులు జబ్బు అని ఆ వైద్యురాలి దగ్గరే తెలిసింది.

ఒక ధనుర్మాసపు ఉదయం ఇప్పటికీ కళ్లముందే ఉంది. కళ్లాపి చల్లిన వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గుకు చుక్కలన్నీ పెట్టి, పిండి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కలిపితే ఏమిటి, కలపకపోతే ఏమిటి అన్న ఆలోచన తప్ప మనసులోకి మరేదీ రాలేదు. కాసేపటికి కలిపాను. గీత ఎక్కడా వంకర పోలేదు, ఎదురింటి పిన్నిగారు బాగుందని కూడా అన్నారు. నేను లోపలికి వచ్చి, డబ్బాలు కట్టి, ఆఫీసుకు వెళ్లాను. ఈ జబ్బు పైకి కనిపించకపోవడానికి కారణం ఇదే. పనులన్నీ జరిగిపోతూనే ఉంటాయి, ఒక్కొక్క పనికీ లోపల ఎంత బరువు మోయవలసి వస్తున్నదో చూసేవారికి తెలిసే మార్గం ఉండదు.

దీనిని వైద్యులు డిస్థైమియా అంటారు. అంతకు ముందు డిప్రెసివ్ న్యూరోసిస్ అని పిలిచిన ఈ స్థితిని 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం, మానసిక జబ్బులను వర్గీకరించే తన డీఎస్ఎం గ్రంథం మూడో కూర్పులో మనోభావాలకు సంబంధించిన జబ్బుల వరుసలో చేర్చింది. 2013 నాటి అయిదో కూర్పులో, ఏళ్ల తరబడి సాగే తీవ్ర కుంగుబాటుతో కలిపి దీనికి పెర్సిస్టెంట్ డిప్రెసివ్ డిజార్డర్ అని పేరు పెట్టింది. పెద్దవారిలో కనీసం 2 ఏళ్లు, పిల్లల్లో 1 ఏడాది, రోజులో ఎక్కువసేపు దిగులు ఉండి, మధ్యలో 2 నెలలకు మించి తెరిపి లేకపోవడం దీని ప్రధాన లక్షణం. దానికి తోడు ఆకలిలో మార్పు, నిద్రలో తేడా, నీరసం, తన మీద తనకు చిన్నచూపు, ఏకాగ్రత కుదరకపోవడం, నిరాశ అనే ఆరింటిలో రెండు ఉంటే చాలు. నాకు అయిదు ఉన్నాయి.

అయినా నేను మొదట వైద్యుడి దగ్గరికి వెళ్లింది దిగులు కోసం కాదు. ఆఫీసులో హఠాత్తుగా గుండెదడ మొదలై, ప్రాణం పోతుందేమోనన్న భయంతో ఆసుపత్రికి పరుగెత్తితే, ఈసీజీ మామూలుగానే ఉందని చెప్పి మానసిక వైద్యుడి దగ్గరికి పంపించారు. ఆరు నెలల్లో దడ తగ్గింది, మందులు ఆపేశారు, నయమైందన్నారు. అడుగున ఉన్న దిగులు మాత్రం ఉన్నచోటే ఉంది. రెండేళ్ల తరువాత బదిలీ మీద కొత్త ఊరికి వెళ్లినప్పుడు, దాని మీదికి తీవ్రమైన కుంగుబాటు వచ్చి పడి, మూడు వారాలపాటు మంచం దిగలేకపోయాను. మార్టిన్ కెల్లర్, రాబర్ట్ షపీరో అనే పరిశోధకులు 1982లోనే ఈ స్థితికి డబుల్ డిప్రెషన్ అని పేరు పెట్టారని తరువాత చదివి తెలుసుకున్నాను. పైది తగ్గగానే రోగి కోలుకున్నట్టు కనిపించడం, కిందిది మిగిలిపోతే పైది మళ్లీ రావడం ఇందులోని ప్రమాదం. నా చికిత్స సగంలో ఆగిపోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

డిస్థైమియా ఒంటరిగా ఉండడం అరుదు. ఆందోళన జబ్బులు దానితో తరచుగా కలిసి వస్తాయి. రాత్రిపూట రెండు పెగ్గులు వేసుకుంటే తప్ప మనసు నిలవదనే వారిలో కొందరికి ఆ తాగుడు వెనుక ఉన్నది ఇదే కావచ్చు. 21 ఏళ్ల లోపు మొదలైన వారిలో వ్యసనాలు, వ్యక్తిత్వ సంబంధమైన జబ్బులు కూడా కలిసి ఉండే అవకాశం ఎక్కువ. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది కుంగుబాటూ, మితిమీరిన హుషారూ మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బును. ఎప్పుడైనా వరుసగా కొన్ని రోజులు నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా, మాటలు వేగంగా వస్తూ, చేతిలో డబ్బు నిలవకుండా గడిచాయా అని ఆ వైద్యురాలు నన్నూ, మా ఆయన్నూ విడివిడిగా అడిగారు. అలాంటి వారికి కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం వైపు తిరగవచ్చట. దిగులుగా ఉందని ఎవరిదో పాత చీటీ చూపించి మందుల షాపులో బిళ్లలు కొనేవారికి ఈ మాట చెప్పాలని నాకు ఎంతో ఉంటుంది.

ఆ వైద్యురాలు మొదట థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించారు, ఎందుకంటే వాటి లోపాలు కూడా ఇదే రూపంలో కనిపిస్తాయి. తరువాత మందులతో పాటు కౌన్సెలింగ్ మొదలైంది. మొదటి నెలలో పెద్ద తేడా తెలియలేదు, మూడో నెలలో ఒక రోజు కూర రుచిగా ఉందని నా అంతట నేనే అన్నాను. ఎక్కడికి వెళ్లాలో తెలియని వారికి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

మొన్న అమ్మకు ఇదంతా వివరంగా చెప్పాను. రక్తసంబంధీకుల్లో కుంగుబాటు ఉంటే ఇది వచ్చే అవకాశం ఎక్కువని చెబుతుండగా, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆమె చేయి ఆగింది. "ఆ డాక్టరమ్మ నిన్ను అడిగింది నన్ను అడిగితే, నువ్వు కడుపున పడకముందు అని చెప్పాలేమోనే" అంది. వచ్చే మంగళవారం ఇద్దరం కలిసి వెళుతున్నాం.