చలి మొదలయ్యే ముందు నా యిన్ యోగా

న్యూజెర్సీలో అక్టోబర్ వచ్చిందంటే నాకు గొంతు ఎండిపోవడం, పొడిదగ్గు మామూలే. చైనా వైద్యం చెప్పే ఐదు తత్త్వాల్లో శరదృతువు లోహతత్త్వానిది, ఊపిరితిత్తులు, పెద్దపేగు దాని అవయవాలు, దిగులు దాని భావం అని చదివాక ఈ కాలాన్ని చూసే తీరే మారిపోయింది. ఊపిరితిత్తుల నాడి, అంటే వాటి శక్తి ప్రవహించే దారి, ఛాతీ పైభాగం నుంచి చేయి లోపలివైపుగా బొటనవేలి దాకా వెళ్తుందంటారు, అందుకే యిన్ యోగాలో, అంటే ఒకే భంగిమలో కొన్ని నిమిషాలు ఉండిపోయే నెమ్మది యోగాలో, వీపు కింద దిండు పెట్టుకుని, చేతులు బార్లా చాపి 5 నిమిషాలు కదలకుండా పడుకుంటాను. మొదట్లో మనసు అస్సలు ఊరుకోదు. 3 నిమిషాలు దాటాక భుజాల దగ్గర బిగువు మెల్లగా వదులుతుంది, అప్పుడొచ్చే ఊపిరే వేరు. తిమ్మిరి వస్తే మాత్రం చేతులు వెంటనే దగ్గరికి తెచ్చుకోండి.

తర్వాత బేరిపండు. చైనా ఇళ్లలో పొడిదగ్గుకి చేసేదే, ఆవిరి మీద ఉడికిస్తారు. గింజలు తీసిన గుంటలో పటికబెల్లం కరిగి పాకంలా ఊరుతుంది, ముందు దాన్నే చెంచాతో వేడివేడిగా తాగేస్తాను.