వెబ్ ఆప్షన్లలో మొదటి గడి: ఎం.ఎస్సీ. నర్సింగ్ బ్రాంచి ఎంపికలో నా అనుభవం

బి.ఎస్సీ. నర్సింగ్ తరువాత ఎం.ఎస్సీ.లో చేరడానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన షరతుల్లో ముఖ్యమైనవి రెండు: డిగ్రీలో కనీసం 55 శాతం మార్కులు, రిజిస్టర్డ్ నర్సుగా ఏడాది పని అనుభవం. మార్కుల గురించి నాకు బెంగ లేదు. ఏడాది పనిని మాత్రం వట్టి కాలహరణంగా భావించి, జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐ.సి.యు.లో చేరాను, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికి రాగానే మానేద్దామని నా ఆలోచన. ఏ బ్రాంచి తీసుకోవాలో చివరికి తేల్చింది ఆ ఏడాదే.

ఎం.ఎస్సీ.లో ఐదు బ్రాంచీలు ఉంటాయి: మెడికల్ సర్జికల్, చైల్డ్ హెల్త్, ఓ.బి.జి. (ప్రసూతి, స్త్రీ వ్యాధులు), కమ్యూనిటీ హెల్త్, సైకియాట్రిక్. మెడికల్ సర్జికల్‌లో మళ్ళీ న్యూరో, ఆంకాలజీ, క్రిటికల్ కేర్ వంటి విభాగాలున్నాయి. మా ఐ.సి.యు. ఇన్‌ఛార్జి సిస్టర్ మెడికల్ సర్జికల్ తప్ప మరొకటి తీసుకోవద్దని ఖండితంగా చెప్పారు. కాలేజీల్లో అధ్యాపక ఉద్యోగాలు ఆ బ్రాంచికే ఎక్కువగా పడతాయన్న ఆమె మాటలో నిజం ఉంది. విదేశాలకు పనికొచ్చేది తీసుకోమన్నాడు మా అన్నయ్య. అమెరికాకు వెళ్ళేవారు రాసే ఎన్‌క్లెక్స్ రిజిస్టర్డ్ నర్సు స్థాయి పరీక్ష అనీ, ఎం.ఎస్సీ.లో ఏ బ్రాంచి చదివావని అది అడగదనీ వాడికి నచ్చజెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. సైకియాట్రిక్ పేరు ఎత్తగానే అమ్మ మాత్రం, "పిచ్చాసుపత్రిలో పనిచేసే పిల్లకు సంబంధాలెలా వస్తాయే?" అని ఊరుకుంది.

నిజానికి ఆ పేరు ఎత్తడానికి కారణం మా ఐ.సి.యు.లోని మూడో నంబరు మంచం. వ్యవసాయ జిల్లాల్లో పనిచేసిన నర్సులెవరికీ పురుగుమందు కేసుల గురించి చెప్పనక్కరలేదు. స్ట్రెచర్ తలుపు దాటకముందే ఆ వాసన లోపలికి వచ్చేస్తుంది. ఒక రాత్రి ఇరవై మూడేళ్ళ అమ్మాయిని తీసుకొచ్చారు. విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మొదలుపెట్టి, పదిహేను నిమిషాలకొకసారి కంటిపాపలు, నాడి, నోటి స్రావాలు, ఊపిరితిత్తుల శబ్దాలు చూసి ఛార్టులో రాస్తూ తెల్లవార్లూ ఆమె దగ్గరే నిలబడ్డాను. మందు తక్కువైతే ఊపిరి అందదు, ఎక్కువైతే మతి చెదురుతుంది. రెండో రోజు ఆమె దుప్పటి అంచును వేళ్ళతో గిల్లుతూ, గాలిలో ఏదో ఏరుతున్నట్టు చేతులాడించడం చూసి నేనే డాక్టరుగారిని పిలిచాను. మోతాదు తగ్గించారు. తొమ్మిదో రోజున నడిచి ఇంటికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని, "ఏం భయపడకు, అన్నీ సర్దుకుంటాయి" అన్నాను. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు, తిరిగి చూపించుకోవలసిన తేదీ ఉన్నాయి. ఎందుకు తాగిందని ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు) కోసం పోలీసులు అడిగారే తప్ప, మాలో ఒక్కరమూ కూర్చుని అడగలేదు.

నాలుగు నెలల తరువాత ఆమే మళ్ళీ వచ్చింది. ఈసారి కూడా బతికింది. అయితే నన్ను గుర్తుపట్టి ముఖం పక్కకు తిప్పుకుంది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని డిగ్రీలో పరీక్ష కోసం బట్టీ పట్టినదాన్నే. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ, సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత అనీ దానిలోని 115వ సెక్షను చెబుతుంది. ఆ రాత్రి డ్యూటీ ముగిశాక ఆ సెక్షనును మళ్ళీ చదివాను. అప్పటికి 14416 నంబరుతో టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ కూడా మొదలై ఉంది. ఆ నంబరునైనా ఆమె డిశ్చార్జి కాగితం మీద రాసి ఇవ్వాలని మాకు తోచలేదు.

అయినా జాలితో బ్రాంచి ఎంచుకోకూడదని నాకు నేనే చెప్పుకుని, సిలబస్ ముందు పెట్టుకుని లెక్క వేశాను. నర్సింగ్ ఎడ్యుకేషన్, అడ్వాన్స్‌డ్ నర్సింగ్ ప్రాక్టీస్, రీసెర్చి, మేనేజ్‌మెంట్ పేపర్లు ఏ బ్రాంచివారికైనా ఒక్కటే. తేడా అంతా క్లినికల్ స్పెషాలిటీలో ఉంది: మొదటి సంవత్సరంలో 650, రెండో సంవత్సరంలో 950 గంటల ప్రాక్టికల్స్. అంటే 1,600 గంటలు ఏ వార్డులో గడపడానికి నేను సిద్ధంగా ఉన్నాను అన్నదే అసలు ప్రశ్న. వెంటిలేటర్ల మధ్య పని నాకు వచ్చు, నచ్చుతుంది కూడా. కాని రోగి కళ్ళు తెరిచి మాట్లాడగలిగే స్థితికి రాగానే వార్డుకు పంపేసే చోట, నాకు కావలసిన భాగం అప్పుడే మొదలవుతోందని ఆ ఏడాదిలో అర్థమైంది. ఉద్యోగాలు తక్కువన్న ఇన్‌ఛార్జి సిస్టర్ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. జనరల్ ఆసుపత్రుల్లో మానసిక వైద్య నర్సు అని ప్రత్యేకంగా పోస్టు ఉండటం అరుదే. అది తెలిసే ఆప్షన్లలో మొదటి గడిలో సైకియాట్రిక్ పెట్టి, మెడికల్ సర్జికల్‌ను ఆ కింద ఉంచాను. ఫ్రీజ్ చేసేముందు క్రమాన్ని రెండుసార్లు మార్చి, మళ్ళీ మొదటికే వచ్చిన సంగతి అమ్మకు చెప్పలేదు.

సీటు వచ్చింది. క్లినికల్స్ మొదలైన కొన్నాళ్ళకు మాకు ప్రాసెస్ రికార్డింగ్ రాయమన్నారు: రోగి అన్న మాట ఒక వరుసలో, నేను అన్నది పక్క వరుసలో, ఆ మాట ఎందుకన్నానో మూడో వరుసలో. భర్త వదిలేశాడని ఏడుస్తున్న ఒకామెతో అరగంట కూర్చుని, అక్షరం పొల్లుపోకుండా రాసి మేడమ్‌గారికి ఇచ్చాను. ఆవిడ ఎర్ర కలంతో ఒకే ఒక్క వాక్యం కింద గీత గీసి, పక్కన "వట్టి భరోసా" అని రాశారు.

ఆ వాక్యం, "అన్నీ సర్దుకుంటాయి."