గాజు పలక మీద మెలికల ముగ్గు

అమలాపురం దగ్గర కాలువ గట్టునే మా ఇల్లు. ధనుర్మాసమంతా మా అమ్మ తెల్లవారుజామునే వాకిట్లో కళ్ళాపి చల్లి, బియ్యప్పిండితో మెలికల ముగ్గు పెడుతుంది. ఎండెక్కేసరికి అందులో సగం బండి చక్రాల కింద చెరిగిపోతుంది, మిగిలినది చీమల పాలవుతుంది. దానిని కాగితం మీద నిలపాలనే కోరికతోనే నేను ఎండ సాయంతో నీలి అచ్చులు తీసే సయనోటైప్ నేర్చుకొన్నాను.

1842లో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనుగొన్న ఈ ముద్రణకు కెమెరా అక్కరలేదు. మరుసటి ఏడాదే వృక్షశాస్త్రజ్ఞురాలు అన్నా అట్కిన్స్ సముద్రపు నాచును నేరుగా కాగితంపై పరచి అచ్చులు తీసింది. 100 మిల్లీలీటర్ల నీటిలో 25 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్‌ను, మరో 100 మిల్లీలీటర్లలో 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్‌ను కరిగించి, రెండింటినీ సమపాళ్ళలో కలిపి, చీకటి గదిలో కాగితానికి పూసి ఆరబెట్టాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలిన చోట ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలి రంగు ఏర్పడి కాగితపు నారను పట్టుకొంటుంది. నీడ పడిన చోట మందు నీళ్ళలో కరిగిపోయి తెలుపు మిగులుతుంది.

మొదట పారదర్శకమైన షీటు మీద నల్ల సిరాతో గుండ్రటి మండలాకృతులు గీశాను. వృత్తాన్ని దాని వ్యాసార్ధంతోనే ఆరు భాగాలు చేసి, ఆరు రేకుల పువ్వు అల్లాను. కొలత తప్పలేదు గానీ గీతలో జీవం లేదు. మా అమ్మ వేళ్ళ సందు నుంచి జారే పిండి మొదట్లో లావుగా పడి, మలుపు దగ్గర సన్నబడి, పక్కన నాలుగు రేణువులను రాలుస్తుంది. నాకు కావలసింది సరిగ్గా అదే. బియ్యప్పిండి వెలుతురును ఆపుతుంది కాబట్టి ముగ్గునే నెగటివ్‌గా వాడవచ్చునని అప్పుడు తోచింది.

అమ్మ గాజు పలక మీద 7 చుక్కల ముగ్గు పెట్టింది. కింద మందు పూసిన కాగితం ఉంచి, గాలి తగలని పెరటి మూలన ఎండకు పెట్టాను. 5 మిల్లీమీటర్ల గాజుతో అంచులు మసకబారాయి, ఎందుకంటే ఆకాశం నలుమూలల నుంచి వచ్చే వెలుతురు ఆ మందంలో గీత కిందికి దూరుతుంది. 2 మిల్లీమీటర్ల గాజుతో రాలిన రేణువులు కూడా విడివిడిగా పడ్డాయి. పసుపుపచ్చని కాగితం కంచు బూడిద రంగుకు తిరగడానికి చైత్రంలో పది నిమిషాలు చాలు, ధనుర్మాసపు ఎండకు ఇరవై అయిదు పడుతుంది.

నన్ను ఎక్కువగా ఏడిపించింది నీరు. మా బోరు నీటిలో కడిగిన అచ్చులన్నీ వారంలోగా వెలవెలబోయాయి. ప్రష్యన్ బ్లూకు క్షారం పడదని తెలిశాక వాన నీరు పట్టి ఉంచుకొని, మొదటి కడుగులో నిమ్మరసం పిండుతున్నాను. ఇప్పుడు నీలం చిక్కగా నిలుస్తోంది.

ఆరిన అచ్చును గోడకు ఆనించి అమ్మకు చూపాను. ఇన్నేళ్ళుగా వంగి చూసిన తన ముగ్గును ఆమె నిలబడి చూడడం అదే మొదటిసారి. చాలాసేపు చూసి, పై నుంచి చుక్కలు లెక్కపెట్టి, మూడో వరుస మీద వేలుంచి, “ఇక్కడ మెలిక తప్పిందిరా, మళ్ళీ పెడతాను, గాజు కడుగు” అంది.