రాక్ షోకి డప్పు తీసుకెళ్లాం

హైదరాబాద్‌లో ఒక ఎఫ్ఎం స్టేషన్ ఏటా రాక్ షో పెడుతుంది. పెద్ద బ్యాండ్లకు ముందు కొన్ని కొత్త బ్యాండ్లనూ ఎక్కిస్తారు. నల్గొండ నుంచి మేమూ దరఖాస్తు పెట్టుకున్నాం. గిటార్ వాయిస్తూ పాడేది నేను. బేస్, డ్రమ్స్ నా దోస్తులవి. నాలుగోది డప్పు.

దరఖాస్తుకు సొంత పాటల రికార్డింగులు, పాటల సాహిత్యం, అవి మావేనని సంతకాలు కావాలన్నారు. సినిమా పాటలు పనికిరావట. పొద్దస్తమానం సినిమా పాటలే వేసేవాళ్లు ఈ షరతు పెట్టారని నవ్వుకున్నాం. ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలు మాత్రం ప్రసారం చేసుకోవచ్చు. అంటే పాటలూ ప్రకటనలే వాళ్లకు దిక్కు. ఇలాంటి షో పెడితే స్పాన్సర్లూ వస్తారు, స్టేషన్ పేరూ నలుగురి నోళ్లలో నానుతుంది.

మా పాటల్లో ఒకటి మా జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల మీద. ఆ నీళ్లు తాగి వంకరపోయిన కాళ్ల గురించి రాసిన చరణం చూసి, ఇందులో రాజకీయం ఉందా అని ఫోన్‌లో అడిగారు. నీళ్లున్నాయి అన్నాను. ఒప్పుకున్నారు.

అసలు తిప్పలు ఎంపికయ్యాక మొదలయ్యాయి. స్టేజీ మీద ఎవరెక్కడ నిలబడతారో బొమ్మ గీసి పంపాలి. దాంతోపాటు ఇన్‌పుట్ లిస్టు, అంటే ఏ వాయిద్యానికి ఏ మైకు, ఏ ఛానల్ అన్న పట్టిక. డ్రమ్‌సెట్ వాళ్లదే. స్నేర్ అనే చిన్న డ్రమ్ము, సింబల్స్ అనే తాళాలు, పెద్ద డ్రమ్మును కాలితో కొట్టే కిక్ పెడల్ మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. డప్పు దగ్గర పట్టిక ఆగిపోయింది. స్టాండు మైకు పెడదామంటే డప్పు కొట్టే అన్న ఒక్కచోట నిలబడడు, అడుగు వేస్తూనే కొడతాడు. చట్రానికి తగిలించే క్లిప్ మైకు, దానికి వైర్‌లెస్ అడిగాం. సౌండ్ ఇంజినీర్ ఇంకో స్నేర్ అనుకున్నట్టున్నాడు. లావు కర్ర సిర్ర దెబ్బ వేరు, సన్న కర్ర చిటికెన పుల్ల దెబ్బ వేరు, రెండూ వినపడాలి అని వీడియో తీసి పంపితే గానీ దారికి రాలేదు.

తర్వాత నిప్పు. తోలు మెత్తబడితే డప్పును సెగకు కాచాలి. స్టేజీ దగ్గర మంట కుదరదని, పెడితే ఫైర్ అనుమతి రద్దవుతుందని మేనేజర్ ఖరాఖండిగా చెప్పాడు. ఆయన మాటా సబబే, చుట్టూ కరెంటు వైర్లు. ప్లాస్టిక్ డప్పు తెచ్చుకోమని సలహా ఇచ్చాడు. మా అన్నకు కోపం వచ్చింది. "తమ్మీ, దాన్ని కొట్టుడు కంటే బకెట్ కొట్టుడు నయం" అన్నాడు.

దారి మాకు టైమ్ టేబుల్లోనే దొరికింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటాక బహిరంగ ప్రదేశంలో మైకులు మోగకూడదు. అందుకే షో మధ్యాహ్నమే మొదలవుతుంది. ఎర్రటి ఎండ, ఖాళీ కుర్చీలు ఉండే మొదటి స్లాట్ ఎవరికీ వద్దు. డప్పుకు నిప్పు బదులు ఆ ఎండే చాలని, అదే మాకివ్వండని అడిగాం. మేనేజర్ రెండోసారి అడిగి మరీ రాసుకున్నాడు.

షో రోజు సామానంతా టాటా ఏస్‌లో వేసుకుని నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వంద కిలోమీటర్లు పోయాం. సౌండ్ చెక్ అంటే లైన్ చెక్ మాత్రమే చేశారు, ఒక్కో ఛానల్ మోగుతోందా లేదా అని. డప్పును తారు రోడ్డు పక్కన ఎండలో ఆరబెట్టి, మా వంతు వచ్చినప్పుడే పైకి తెచ్చాం. కణకణ మోగింది. ముందు వరుసల్లో జనం తక్కువే గానీ, వెనక చెట్ల నీడన కూర్చున్నవాళ్లు రెండో పాటకు లేచి వచ్చారు. మా వైపు తిప్పి పెట్టిన స్పీకర్, అదే మానిటర్‌లో నా గొంతు నాకే వినపడలేదు, డ్రమ్మర్ని చూస్తూ లాక్కొచ్చాను.

డబ్బులకు మళ్లీ కాగితాలు: బిల్లు, పాన్ కార్డు, రద్దు చేసిన చెక్కు. అందరికీ కలిపి నా ఖాతాలో వేశారు. అన్న వాటా చేతిలో పెడితే లెక్కపెట్టుకోకుండానే అడిగాడు: "పై ఏడు ఇంకో ఇద్దరు డప్పులోళ్లను తీస్కపోదామా తమ్మీ?" ఇంకో రెండు వైర్‌లెస్ ఛానళ్లు అడగాలి, ఇస్తారో లేదో చూడాలి.